కాటాకు చెవుల్లేవు

పాత తాళాలు అమ్మాలనుకునేవాళ్ళకు మన పల్లెల్లో రెండే సలహాలు దొరుకుతాయి. కాటా మీద పెట్టి కిలో లెక్కన ఇచ్చేయమనేది ఒకటి. వందేళ్ళ నాటిదని తేలితే లక్షలు పలుకుతుంది, తొందరపడొద్దనేది రెండోది. మొదటిది పాత సామాన్లు కొనేవాడి మాట, రెండోది ఫోన్లో వీడియోలు చూసినవాడి మాట. పైకి ఉప్పూ నిప్పూలా కనిపిస్తాయి గాని ఈ రెండింటి లోపలా ఉన్నది ఒకే నమ్మకం. తాళం విలువంతా ఒక్క అంకెలో ఇమిడి ఉందని, ఆ అంకె కిలోలైనా అయ్యుండాలి, ఏళ్ళయినా అయ్యుండాలని. ఎ.కొండూరు లాంటి మండలంలో ఈ నమ్మకం వల్ల పోయేది తక్కువేం కాదు. రామాలయం భజన బృందం చేతాళాలు, తండాల్లో నంగారాతో పాటు మోగే కంచు తాళి, పెళ్ళి బ్యాండు వాళ్ళ పెద్ద తాళాలు, చర్చిలో డ్రమ్ సెట్టుకు బిగించిన సింబల్స్, ఇవన్నీ ఒక్క మండలంలోనే కనిపిస్తాయి. వాటి లోహం వేరు, పుట్టుక వేరు, పని వేరు. మైలవరం నుంచి తిరువూరు దాకా రోడ్డు వెంట తిరిగే పాత సామాన్ల బండికి మాత్రం అవన్నీ ఒకే మూట. బరువునూ వయసునూ సాక్షులుగా పిలవొచ్చు, తీర్పు మాత్రం వాటి చేత చెప్పించకూడదన్నది నా వాదన. ఆ వస్తువు ఏమిటి, ఎక్కడ తయారైంది, ఇవాళ ఎలా మోగుతోంది అన్న మూడు ప్రశ్నలకూ జవాబు దొరకనిదే ధర మాట ఎత్తడం దండగ.

కాటా వాదాన్ని ముందు దాని సొంత లెక్కలోనే చూద్దాం. తూకానికి అమ్మడమే న్యాయమనుకుంటే, ఏ లోహాన్ని తూస్తున్నామో తెలియాలి కదా. కంచు అంటే రాగిలో తగరం కలిపింది, ఇత్తడి అంటే రాగిలో జింకు కలిపింది. మేలైన సింబల్స్ కంచులో నూటికి ఎనభై పాళ్ళు రాగి, ఇరవై పాళ్ళు తగరం ఉంటాయి. రేకు సింబల్స్‌కు వాడే ఇత్తడిలో రాగి అరవైమూడు పాళ్ళు, మిగతాది జింకు. గత పదేళ్ళుగా ప్రపంచ మార్కెట్లో తగరం ధర రాగి ధరకు రెండు రెట్లకు పైనే నడుస్తోంది. జింకు రాగి కన్నా బాగా చవక. ఆ లెక్కన ఒక కిలో కంచులో ఉన్న లోహాల విలువ, కిలో ఇత్తడిలో ఉన్నదానికి దాదాపు రెట్టింపు. అయినా మూటలో రెండూ కలిసి ఇత్తడి రేటుకే పోతాయి. అంటే తూకమే ధర అనేవాళ్ళు తూకం ప్రకారం కూడా సగం పోగొట్టుకుంటున్నారు. ఇది కొనేవాడి మోసమని నేననను. అమ్మేవాడు ఇత్తడి అన్నాక కంచు అని దిద్దాల్సిన బాధ్యత కొనేవాడికి ఎందుకుంటుంది?

కొనేవాడు తన వంతుగా చేసే పరీక్ష ఒకటుంది, అయస్కాంతం. అది అంటుకుంటే ఇనుము కలిసిందని, కల్తీ సరుకని ధర కోసేస్తాడు. ఈ కృష్ణా తీరంలో ఆ పరీక్ష ఎంత అన్యాయమో చెప్పడానికి కూచిపూడి చాలు. నట్టువాంగంలో గురువు చేతిలో ఉండే తాళాల జతలో సాధారణంగా ఒకటి కంచుది, రెండోది ఉక్కుది. కంచు బిళ్ళ మీద ఉక్కు బిళ్ళ తగిలితేనే ఆ తెగిన, స్పష్టమైన దెబ్బ పుడుతుంది. జతిని అడుగుకు అందించేది ఆ దెబ్బే. కావాలని చేసిన ఆ జతను అయస్కాంతం విడదీస్తుంది. ఒకటి కంచు కుప్పలోకి, ఒకటి ఇనుప కుప్పలోకి వెళ్ళిపోతుంది. జత విడిపోయాక రెండింటికీ వాద్యంగా విలువ లేదు. భజన తాళాలకూ ఇదే వర్తిస్తుంది. జతలోని రెండు బిళ్ళలూ కొద్దిపాటి శ్రుతి తేడాతో ఉంటాయి, ఆ తేడా వల్లే మోత అలలు అలలుగా సాగుతుంది. ఒకటి పోయిందని అంతే బరువున్న మరోదాన్ని తెచ్చి తాడు కట్టినంత మాత్రాన జత కుదరదు.

బరువు వాదం పూర్తిగా తలకిందులయ్యేది డ్రమ్ సింబల్స్ దగ్గర. ఇరవై అంగుళాల రైడ్ సింబల్స్ రెండు తీసుకోండి. రెండూ అమెరికాలో జిల్జియన్ కంపెనీ ఒకే దశాబ్దంలో చేసినవే అనుకుందాం. ఒకటి 1,900 గ్రాములు, రెండోది 2,700 గ్రాములు. కాటా దగ్గర రెండోదానికి ఎక్కువ డబ్బు వస్తుంది. పాత సింబల్స్ కోసం వెతికే డ్రమ్మర్ల దగ్గర మామూలుగా మొదటిదే ఎక్కువ పలుకుతుంది. పలచటి రేకు పుల్ల తగలగానే విచ్చుకుంటుంది, మోతలో చీకటి ఛాయ ఉంటుంది, జాజ్ వాయించేవాళ్ళు కోరేది అదే. దళసరి రేకు ఖంగుమంటుంది, గిటార్ల హోరు మధ్య వినపడ్డానికి పనికొస్తుంది గాని పాత మోత కోసం వెతికేవాళ్ళు దాన్ని పెద్దగా అడగరు. కాబట్టి గ్రాముల లెక్క అవసరమే, దాన్ని చదవాల్సిన తీరు వేరు. వ్యాసానికీ బరువుకూ ఉన్న నిష్పత్తే ఆ రేకు ఎంత పలచనో చెబుతుంది. వ్యాసం కొలవకుండా బరువొక్కటే చెప్పడమంటే, ఎత్తు చెప్పకుండా మనిషి బరువు చెప్పి బక్కవాడో బొద్దువాడో తేల్చమనడమే.

ఇక లోహం ఎంత మేలైతే వాద్యం అంత గొప్పదన్న మాట. ఇది కూడా నిలవదు. స్విట్జర్లాండ్ వాళ్ళ పైస్తే కంపెనీ 1959లో ఫార్ములా 602 అనే వరుస తెచ్చింది, అందులో తగరం ఇరవై పాళ్ళు. అదే కంపెనీ 1971లో తెచ్చిన 2002 అనే వరుసలో తగరం ఎనిమిది పాళ్ళే. తగరాన్ని బట్టి విలువ కడితే రెండోది నాసిరకం కావాలి. రాక్ సంగీతం వాయించినవాళ్ళు అర్ధశతాబ్దంగా దాన్ని వదల్లేదు, పాతవి దొరికితే ఇవాళా కొంటున్నారు. లోహం ఏదో తెలుసుకోవడం గుర్తింపులో మొదటి మెట్టు, అంతకు మించి దానికి పెత్తనం ఇవ్వకూడదు.

ఇప్పుడు వయసు వాదులతో మాట. వాళ్ళు మొదట చూపించేది సింబల్ మీద అచ్చొత్తిన అరబ్బీ లిపి. తుర్కియేలో 1928లో లిపి మార్చి లాటిన్ అక్షరాలు తెచ్చారు కదా, కాబట్టి పాత లిపి ఉన్న సింబల్ అంతకు ముందుదే అయ్యుండాలంటారు. తర్కం ముచ్చటగా ఉంది, నిజం వేరు. జిల్జియన్ కుటుంబంలోని అవెడిస్ 1929లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో, క్విన్సీ ఊళ్ళో ఫ్యాక్టరీ పెట్టాడు. అమెరికాలో ఆ కంపెనీ చేసిన సింబల్స్ మీద ఆ పాత ఆటోమన్ లిపి ముద్ర కొట్టారు, నేటికీ కొడుతూనే ఉన్నారు. ముద్రలో పై వరుసలో ఆ లిపి, దాని కింద కంపెనీ పేరు, అసలైన టర్కిష్ సింబల్స్ అన్న మాట, అన్నిటికన్నా కింద అమెరికాలో తయారైందన్న మాట ఉంటాయి. పై వరుస చూసి మురిసిపోయి కింది వరుస చదవనివాళ్ళే ఎక్కువ. కంపెనీ తన పుట్టుక 1623 అని చెప్పుకుంటుంది, అది కంపెనీ వయసు, చేతిలో ఉన్న రేకు వయసు కాదు. కాన్‌స్టాంటినోపుల్ అన్న పేరు చూసి 1930కి ముందుదని తేల్చేవాళ్ళూ ఉన్నారు. ఆ పేరుతో అదే కంపెనీ ఇప్పుడు కొత్త సింబల్స్ అమ్ముతోంది. ఇస్తాంబుల్ అన్న పేరుదీ అదే కథ. కె. జిల్జియన్ ముద్రతో ఆ ఊళ్ళో చేసిన పాతవి వేరు, ఆ ఫ్యాక్టరీ 1970ల చివర్లో మూతపడ్డాక అక్కడి పనివాళ్ళే మొదలుపెట్టి 1996లో రెండుగా చీలిన ఇస్తాంబుల్ కంపెనీల సరుకు వేరు.

మరి కాలం ఎలా తేలుతుంది? ముద్ర చదివే తీరు ఒకటుంది. సింబల్‌ను కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, వెలుతురు పక్కనుంచి ఏటవాలుగా పడేలా తిప్పాలి. ఎదురుగా లైటు కొడితే మెరుపు తప్ప ఏమీ కనపడదు. ముద్ర మీద పలచటి కాగితం పరిచి పెన్సిల్‌ను అడ్డంగా రుద్దితే లోతు తక్కువైన అక్షరాలు కూడా కాగితం మీదికి వస్తాయి. ఆ ముద్ర ఎత్తు మిల్లీమీటర్లలో ఎంత, అక్షరాల గీత సన్నమా లావా, అరబ్బీ లిపి కింద చుక్కలున్నాయా లేవా, సిరాతో వేసిన పెద్ద పేరు ఉందా అన్నవాటిని బట్టి జిల్జియన్ సింబల్స్‌ను దశాబ్దం వరకు, కొన్నిసార్లు అంతకన్నా దగ్గరగా గుర్తుపట్టొచ్చు. సిరా పేరు 1970ల చివర్లో వచ్చింది, కాబట్టి అది ఉంటే అంతకు ముందుది కాదు. లేకపోతే ముందుదేనని మాత్రం అనలేం, తోముడుకు పోయి ఉండొచ్చు. పైస్తే వాళ్ళు 1970ల తొలి ఏళ్ళ నుంచి వరుస సంఖ్య కొడుతున్నారు, దాని మొదటి అంకె సంవత్సరంలోని చివరి అంకె. 8తో మొదలైతే 1978 కావచ్చు, 1988 కావచ్చు, పేరు రాసిన తీరు చూసి తేల్చుకోవాలి. ముద్ర పూర్తిగా అరిగిపోయినా లేతు గీతల ఎడం, సుత్తి దెబ్బల ఆకారం, మధ్య బుడిపె ఎత్తు సాక్ష్యం చెబుతాయి. ఇన్ని సాక్ష్యాలు కలిస్తే గాని ఒక తేదీ రాదు. తీరా వచ్చిన ఆ తేదీ కూడా ధర చెప్పదు. ఇస్తాంబుల్ కె. సింబల్స్ కొన్ని వేల డాలర్లు పలికాయి. వాటికి సమకాలికమైన చిన్న సైజు బ్యాండు తాళాలకు అందులో పదో వంతు ఇచ్చేవాడు దొరకడం కష్టం. వయసు ఒకటే, అడిగేవాళ్ళు వేరు.

మన భజన తాళాలకు ఇలాంటి ముద్రలు లేవు కదా అంటారు. కంపెనీ ముద్ర లేని మాట నిజమే, రాతలు లేవనడం మాత్రం సరికాదు. గుడికి ఇచ్చిన తాళాల మీద, జేగంటల మీద దాత పేరు, ఊరు, ఇచ్చిన ఏడు చెక్కించే ఆచారం మనకుంది. ఉదాహరణకు ఆనంద సంవత్సరం అని ఒక్క మాట ఉందనుకోండి. అరవై ఏళ్ళ చక్రంలో అది 1914-15 కావచ్చు, 1974-75 కావచ్చు. ఇక్కడ రాతే దారి చూపిస్తుంది. అంకెలు తెలుగువా, ఇంగ్లీషువా? బండి ఱ, అరసున్న ఉన్నాయా? బరువు వీశెల్లో చెక్కారా, కిలోల్లోనా? దేశంలో మెట్రిక్ తూనికలు 1956 చట్టంతో మొదలై 1960ల తొలి ఏళ్ళకు తప్పనిసరి అయ్యాయి. కిలోలు చెక్కి ఉంటే 1914 ప్రసక్తే లేదు. వీశెలు ఉన్నంత మాత్రాన పాతదని గంతులేయనూ కూడదు, నోటి అలవాటు చట్టంతో పాటు మారిపోదు. తెలుగు అంకెలూ, అరసున్నా, వీశె మూడూ ఒకేచోట కలిస్తే 1914 వైపు మొగ్గొచ్చు. పైస్తే వాళ్ళ పదేళ్ళ చిక్కూ మన సంవత్సరాల అరవై ఏళ్ళ చిక్కూ ఒకే జాతివి. విప్పే పద్ధతీ ఒకటే, ఒక గుర్తును ఇంకో గుర్తుతో సరిచూడడం. ఈ పని చదువుకున్న పిల్లలున్న ఏ ఇంట్లోనైనా అవుతుంది. చదవకుండా మూట కట్టడాన్ని సమర్థించుకోవడానికే మనకు ముద్రల్లేవన్న మాట పనికొస్తోంది.

వందేళ్ళు దాటితే లక్షలనేవాళ్ళు ఇంకొకటి మర్చిపోతున్నారు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చేతిపనిని, మతాన్ని, ఆచారాలను తెలిపే వస్తువు నూరేళ్ళు దాటితే పురావస్తువు కిందికి రావచ్చు. అలాంటి దాన్ని ప్రైవేటు వ్యక్తి దేశం దాటించడం నేరం, దేశంలోనే వాటి వ్యాపారం చేయాలంటే లైసెన్సు ఉండాలి. అంటే నూరో ఏడు దాటగానే డాలర్ల మార్కెట్ తలుపు మూసుకుంటుంది. నిజంగా పాతదైతే కొనగలిగేవాళ్ళు తగ్గుతారు, చట్టం తెలియక అమ్మితే కేసు మిగులుతుంది. ఈ ముక్క చెప్పకుండా లక్షల ఆశ చూపించేవాళ్ళ ఉద్దేశం ఏమై ఉంటుందో రైస్ పుల్లర్ కేసులు చూస్తే తెలుస్తుంది. బియ్యాన్ని లాగే రాగి చెంబు, కోట్లు చేస్తుందని చెప్పి పరీక్షల ఖర్చుల పేరిట జనం సొమ్ము కాజేసిన ముఠాలను రెండు తెలుగు రాష్ట్రాల పోలీసులూ పట్టుకున్నారు. ఆ మోసానికి పునాది పాత లోహానికి దానంతట దానికే అద్భుతమైన విలువ ఉంటుందన్న నమ్మకమే. పాత తాళం మీద వేసే ఆశలకూ పునాది అదే.

ఇక అసలైన అభ్యంతరానికి వద్దాం, ఇది కొట్టిపారేయదగింది కాదు. పల్లెటూరి తాళానికి మార్కెట్ ఎక్కడుంది? అమెరికాలో సింబల్స్ పోగుచేసేవాళ్ళు ఉన్నారు, ఎ.కొండూరు భజన తాళాన్ని పోగుచేసేవాడెవడు? పరీక్షలన్నీ చేసి చివరికి కాటా దగ్గరికే వెళ్ళాలి కదా? ఇందులో సగం నిజం. ఊళ్ళలో దొరికే తాళాల్లో ఎక్కువ భాగం మామూలు సరుకే, బ్యాండు వాళ్ళ పెద్ద తాళాలు చాలావరకు ఉత్తరాది నుంచి వచ్చిన ఇత్తడి రేకులే. బ్యాండు వాద్యాలకు మీరట్ పేరుమోసింది, నాదిర్ అలీ కంపెనీ అక్కడ 1885 నుంచి ఉంది. అలాంటి సరుకుకు విదేశీ వేలం ధరలు చూపించడం హాస్యాస్పదం. కానీ మార్కెట్ అంటే పోగుచేసేవాళ్ళే అనుకోవడం పొరపాటు. వాయించేవాళ్ళూ మార్కెట్టే. మంచి కంచు తాళాల జత కావాల్సిన భజన బృందాలు ఈ తిరువూరు ప్రాంతంలో ఊరూరా ఉన్నాయి, నెమలి ఊళ్ళోని వేణుగోపాలస్వామి ఉత్సవాల దాకా వాటికి పనుంది. వాళ్ళు ఇవాళ దుకాణంలో కొనేది చాలాసార్లు కంచు పేరుతో అమ్మే ఇత్తడి పోత. అందుచేత పాత జతకు సరైన కొలమానం, అంత మోత ఉన్న కొత్త కంచు జత చేయించాలంటే ఎంతవుతుందన్నది. తూర్పు గోదావరి జిల్లా అజ్జరంలోనో, శ్రీకాకుళం జిల్లా బుడితిలోనో లోహం పని చేసేవాళ్ళను అడిగితే లోహం ఖర్చు, కూలి విడివిడిగా తెలుస్తాయి. కాటా ధరకూ ఆ ధరకూ మధ్య ఉన్న తేడాయే పరీక్ష చేయనివాడు కట్టే జరిమానా. డ్రమ్ సింబల్స్‌కైతే అమ్మకానికి పెట్టినవాళ్ళు అడిగే ధర చూడకూడదు, నిజంగా అమ్ముడుపోయిన ధర చూడాలి. అడగడానికి ఎంతైనా అడగొచ్చు.

తోమడం గురించి పెద్దవాళ్ళు వాదిస్తారు. చింతపండుతో తోమి మెరిపిస్తే కొనేవాడి కన్ను పడుతుందని. పూజ సామాను తోమడం మన ఇళ్ళ మర్యాద, దాన్ని నేను కాదనను. అమ్మబోయే వస్తువుకు ముందు పరీక్ష, తర్వాత తోముడు అంటున్నాను. పులుపు లోహం పైపొరను తింటుంది, పొడి పెట్టి రుద్దితే సిరా పేరు ఒక్క పూటలో మాయమవుతుంది, ఏళ్ళ తరబడి రుద్దితే చెక్కిన అక్షరాల అంచులు మొద్దుబారతాయి. సరిగ్గా తేదీ చెప్పాల్సిన చోటే సాక్ష్యం చెరిగిపోతుంది. మెరుపు చూసి ఎక్కువ ఇచ్చేవాడు ఇంట్లో అలంకారానికి కొనేవాడు, వాయించేవాడు కొనేముందు మోగించి చూస్తాడు. కిలుం పట్టిన సింబల్‌ను కొన్నాక తోముకునే హక్కు అతనికుంది, తోమేసినదాని మీద పాత పొరను తిరిగి తెచ్చే ఉపాయం ఎవరికీ లేదు.

పగులు సంగతి మాత్రం రాజీ లేనిది. పాతది కదా, చిన్న నెర్రె ఉంటే ఏమవుతుందిలే అంటారు. అంచు చుట్టూ నాలుగువేళ్ళ ఎడంలో పుల్లతో మెల్లగా తట్టుకుంటూ వెళ్తే, నెర్రె ఉన్నచోట మోత జీరగా మారుతుంది, లేదా చటుక్కున ఆగిపోతుంది. సింబల్ అయితే మధ్య బెజ్జం గుండ్రంగా ఉందా, స్టాండు రాపిడికి తాళం చెవి కన్నంలా సాగిందా చూడాలి. నెర్రె పడ్డ సింబల్ ధరలో చాలా భాగం అక్కడే పోతుంది, ఎందుకంటే అది రేపు ఇంకా సాగుతుంది. వెల్డింగ్ చేయిస్తే సరిపోతుందనే సలహా ఇంకా ప్రమాదం. తగరం ఎక్కువున్న కంచు నిదానంగా చల్లారితే గాజులా పెళుసవుతుంది. అందుకే పనివాళ్ళు దాన్ని ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచి గట్టిదనాన్ని కుదురుస్తారు. అతుకు వేసిన చోట ఆ కుదురు పోయి, పాత నెర్రె పక్కనే కొత్తది పుడుతుంది.

ఇవన్నీ కుదిరినా మిగిలే ప్రశ్న ఒకటి, ఆ తాళం ఎవరిదన్నది. చెక్కిన పేరు దాతదైతే వస్తువు గుడిది. దేవాదాయ చట్టం కిందికి వచ్చే గుడి ఆస్తిని కమిటీ పెద్ద తన ఇష్టానికి అమ్మలేడు. సొంత ఆస్తయినా, భజన బృందం ఉమ్మడి ఆస్తయినా, లెక్కల పుస్తకంలో ఒక పేజీ రాయాలి. వ్యాసం, గ్రాముల్లో బరువు, కంచో ఇత్తడో, చెక్కిన అక్షరాలు ఉన్నవున్నట్టుగా, నెర్రె ఉందా లేదా, జతేనా ఒంటిదా, పెన్సిల్ రుద్దిన కాగితం అంటించి, ఫోన్లో మోత రికార్డు చేసి. ఒక పూట పని. ఆ పేజీ చూశాక కూడా ఇది మామూలు సరుకే, కాటాకే పోవాలని తేలితే పోనివ్వండి, కంచును కంచు రేటుకు, ఇత్తడిని ఇత్తడి రేటుకు, వేరువేరు మూటల్లో.